ఎత్తు మీద గేరు కారు: నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో కారు నేర్పడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు అద్దె కార్లు నడిపాను. ఎస్.కోట మీదుగా అరకు, సాలూరు మీదుగా కొరాపుట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. నేర్చుకోడానికి వచ్చేవాళ్లకి బల్లపరుపు రోడ్డు మీద పది రోజుల్లో చేయి తిరుగుతుంది. పదకొండో రోజు ఎత్తుబ్రిడ్జి దగ్గర వాలు మీద ఆపి మళ్లీ తీయమంటే మాత్రం స్టీరింగ్ పట్టుకున్న చేతులకి చెమట పట్టేస్తుంది. ఆ తర్వాత అడిగే ప్రశ్నలు అందరివీ దాదాపు ఒకటే. రోజూ నోటితో చెప్పే జవాబులే ఇక్కడ రాశాను.

మామూలు రోడ్డు మీద బాగానే నడుపుతున్నాను. ఎత్తు మీద ఆపి తీసేటప్పుడే బండి వెనక్కి ఎందుకు జారుతోంది?

బరువు వల్ల. లెక్క చిన్నదే. పది మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి లేచే రోడ్డు అనుకోండి. దాని మీద వెయ్యి కిలోల కారుని సుమారు వంద కిలోల బలం కిందకి లాగుతూ ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు తాడు కట్టి వెనక వేలాడదీసినట్టు.

బల్లపరుపు మీద బ్రేకు వదిలి, క్లచ్ పట్టేలోపు ఒకటి రెండు సెకన్లు బండిని ఏదీ పట్టుకోకపోయినా నష్టం లేదు, ఉన్నచోటే ఉంటుంది. ఎత్తు మీద ఆ రెండు సెకన్లే కొంప ముంచుతాయి. బ్రేకు మీంచి కాలు తీసేశారు, క్లచ్ ఇంకా అందుకోలేదు, మధ్యలో బండికి దిక్కు లేదు. కాబట్టి క్లచ్ అందుకున్నాకే బ్రేకు వదలాలి. నిలబెట్టడం బ్రేకు పని, కదిలించడం క్లచ్ పని. ఈ రెండు పనులూ ఒకదాని మీద ఇంకొకటి రుద్దితే వచ్చే కష్టాలే కింద చాలా వరకు.

హాఫ్ క్లచ్ దొరికిందని ఎలా తెలుస్తుంది? మీరు "అదిగో పట్టింది" అంటారు, నాకేమీ తెలియట్లేదు.

కాలితో వెతికితే తెలియదు. చెవితోనూ కంటితోనూ వెతకాలి.

క్లచ్ పూర్తిగా తొక్కి ఉంటే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయినట్టే. కాలు మెల్లగా లేపుతుంటే ఒకచోట క్లచ్ ప్లేటు, ఇంజన్‌తో పాటు తిరుగుతున్న ఫ్లైవీలు అనే చక్రాన్ని రాసుకోవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా తేలిగ్గా తిరుగుతున్న ఇంజన్ మీద బరువు పడుతుంది కాబట్టి శబ్దం మారుతుంది. తల మీద బుట్ట పెట్టుకుని నడుస్తున్న మనిషి మీద ఇంకో బుట్ట పెడితే గొంతు ఎలా మారుతుందో, అలా. స్టీరింగ్‌లో సన్నటి వణుకు వస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే కారు ముక్కు కొంచెం పైకి లేస్తుంది.

మా కారు బోనెట్ చివర చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాను. కారుని గోడకి దూరంగా, గోడకేసి చూసేలా ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ఫస్ట్ గేరు వేసి, స్టిక్కర్‌నే చూస్తూ క్లచ్ వదలమంటాను. గోడ మీద ఇటుక వరస దగ్గర ఉన్న స్టిక్కర్ ఉన్నట్టుండి వేలెడు పైకి జరుగుతుంది. అదీ హాఫ్ క్లచ్. పదిసార్లు చూశాక కాలికి అదే అలవాటవుతుంది. ఇక స్టిక్కర్ అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ చోటు అన్ని కార్లలో ఒకేలా ఉండదు. క్లచ్ అరిగిన బండిలో పెడల్ బాగా పైకి వచ్చాక గానీ పట్టదు. అందుకే మీ మావయ్యగారి కారు తీసుకుని అరకు వెళ్లాలనుకుంటే ముందు రోజు సాయంత్రం ఇంటి ముందే దాని క్లచ్‌తో పరిచయం చేసుకోండి. ఘాటీ (కొండదారి) మధ్యలో కాదు.

నేను పొట్టి. మడమ నేల మీద ఉంచమంటే క్లచ్ చివరిదాకా తొక్కలేకపోతున్నాను.

ఇది ఎక్కువగా ఆడపిల్లలు అడుగుతారు, అదీ సిగ్గుపడుతూ. సిగ్గెందుకమ్మా, సీటు ముందుకి జరుపుకోండి. క్లచ్ నేల దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. తొక్కేటప్పుడు మడమ లేచినా ఫర్వాలేదు. హాఫ్ క్లచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మడమ నేలకి ఆనాలి. గాల్లో వేలాడే కాలు వణుకుతుంది, కాలు వణికితే కారు కుదుపుతుంది. బోనెట్ కనిపించకపోతే కింద గట్టి దిండు వేసుకోండి. జారే చెప్పులు, మడమ ఎత్తు చెప్పులు వద్దు. నడిపేటప్పుడు విప్పిన చెప్పులు పెడల్స్ దగ్గర పెట్టడం అంతకన్నా ప్రమాదం, బ్రేకు కిందకి దొర్లితే పని అయిపోయినట్టే.

హ్యాండ్ బ్రేక్‌తో తీయడం ఒకసారి వరసగా చెప్పండి.

ఆగి ఉన్నారు, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది. క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయండి. అద్దాలు చూసుకోండి. కుడికాలితో కాస్త రేస్ ఇవ్వండి. పెట్రోలు కారైతే, ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ముల్లు 1,500, 2,000 మధ్య ఉంటే చాలు. మరీ నిటారుగా ఉన్నచోట ఇంకొంచెం. ఇప్పుడు ఎడమకాలు మెల్లగా లేపండి. శబ్దం బరువెక్కుతుంది, ముక్కు లేస్తుంది. అక్కడ ఎడమకాలిని ఆపేయండి. ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ లివర్‌ని ఒక పిసరు పైకి లాగి, బొత్తాం నొక్కి, కిందకి దించండి. బండి నిలబడే ఉన్నా, సన్నగా ముందుకి కదిలినా లెక్క కుదిరినట్టే. రేస్ కొంచెం పెంచుతూ క్లచ్ మిగతాది వదలండి.

వెనక్కి జారుతున్నట్టనిపిస్తే భయపడక్కర్లేదు. లివర్ మళ్లీ లాగండి, ఫుట్ బ్రేక్ తొక్కండి, మొదటినుంచి మొదలుపెట్టండి.

నేను చూసినంతలో పదిమందిలో ఏడుగురు ఒకే తప్పు చేస్తారు. చేయి లివర్‌ని కిందకి దించగానే ఎడమకాలు దానంతటదే పైకి లేచిపోతుంది, చేతికీ కాలికీ దారం కట్టినట్టు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది. దీనికి మందు ఒకటే: లివర్ దించాక మనసులో "ఒకటి, రెండు" అనుకుని అప్పుడు ఎడమకాలు కదపడం.

హ్యాండ్ బ్రేక్ లేకుండా తీసేవాళ్లని చూశాను. అది తప్పా?

తప్పు కాదు. చిన్న వాలుల మీద నేనూ అలాగే తీస్తాను. కుడికాలు బ్రేకు మీదే ఉంచి, రేస్ లేకుండానే క్లచ్‌ని పట్టేదాకా లేపాలి. శబ్దం బరువెక్కగానే కుడికాలు చప్పున బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదకి రావాలి. డీజిల్ బండిలో ఇది సుఖంగా కుదురుతుంది, రేస్ ఇవ్వకపోయినా క్షణంపాటు క్లచ్ మీద నిలబడుతుంది. చిన్న పెట్రోలు కారు మాత్రం నిటారు ఎత్తు మీద ఆ క్షణంలోనే దగ్గి ఆగిపోవచ్చు. కొత్తవాళ్లు హ్యాండ్ బ్రేక్‌తోనే మొదలుపెట్టండి. కాళ్లకి అలవాటు పడ్డాక రెండో పద్ధతి దానంతటదే వస్తుంది.

లాగినా మా కారు హ్యాండ్ బ్రేక్ ఆగట్లేదు.

అయితే ఘాటీకి బయల్దేరకండి. ఖాళీ వాలు మీద, వెనక ఎవరూ లేనిచోట, హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి ఫుట్ బ్రేక్ మెల్లగా వదిలి చూడండి. జారిందంటే కేబుల్ సాగిందనో, వెనక బ్రేకులు అరిగాయనో అర్థం. మెకానిక్‌కి అరగంట పని. చాలామంది ఏడాదికోసారి కూడా ఇది చూసుకోరు, బల్లపరుపు ఊళ్లో దాని అవసరమే రాదు కాబట్టి.

ట్రాఫిక్ అంగుళం అంగుళం కదులుతుంటే హ్యాండ్ బ్రేక్ మాటిమాటికీ ఎవరు లాగుతారు? హాఫ్ క్లచ్ మీద బండిని అలాగే నిలబెట్టేస్తే పోలేదా?

పోతుంది, క్లచ్ ప్లేటు. నా డబ్బుతో నేర్చుకున్న పాఠం ఇది.

అద్దె కారు తోలడం కొత్త. శివరాత్రికి ఒక కుటుంబాన్ని ఎస్.కోట దగ్గర పుణ్యగిరి కొండ మీది శివాలయానికి తీసుకెళ్లాను. ఎస్.కోట దాటాక జనమే జనం. తలస్నానం చేసి తడి బట్టలతో నడిచేవాళ్లు, ఆటోలు, బళ్లు. కారు రెండడుగులు వేస్తే రెండు నిమిషాలు ఆగాలి. నేనేమో గొప్పగా, బ్రేకు ముట్టకుండా, క్లచ్‌నీ రేస్‌నీ ఆడిస్తూ కారుని వాలు మీద గాల్లో వేలాడదీసినట్టు నిలబెట్టేవాణ్ని. ముక్కాలు గంట అలా గడిచాక ఏదో కాలిన వాసన. ముందు కారుదేమో అనుకున్నాను. వెనక సీట్లో పెద్దావిడ "ఏటి బాబూ, ఏదో మాడుతున్న వాసనొస్తంది" అంది. ఇంకో పది నిమిషాలకి రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ కారు కదలట్లేదు.

తర్వాత మెకానిక్ గేర్‌బాక్స్ దించి ప్లేటు నా చేతిలో పెట్టాడు. అంచులు మాడిన అప్పడంలా ఉంది. పక్కనున్న ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు. ఉక్కు ఆ రంగుకి తిరగాలంటే ఎంత వేడెక్కాలో ఆలోచించండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ మార్చాను. ఆ నెల సంపాదన అంతా దానికే.

హాఫ్ క్లచ్‌లో ప్లేటు జారుతూ రాసుకుంటోంది, అంటే వేడి పుడుతోంది. కదిలేటప్పుడు రెండు మూడు సెకన్లయితే దానికి లెక్కలేదు. నిలబెట్టడానికి వాడితే మాత్రం మాడుతుంది. కాబట్టి ఆగితే బ్రేకు, ఎక్కువసేపు ఆగితే హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్. ముందు కారు అడుగు కదిలిందని మీరూ అడుగు కదలక్కర్లేదు. మూడు నాలుగు కార్ల జాగా ఖాళీ అయ్యాక ఒకేసారి కదలండి. మధ్యలో ఎవడో ఆటోవాడు దూరతాడు, దూరనివ్వండి. ప్లేటు కన్నా ఆటో చవక.

వాసన వచ్చేసిందా? పక్కకి తీసి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. టీ తాగండి.

వాలు మధ్యలో ఇంజన్ ఆగిపోతే?

ముందు ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయకండి. ఇంజన్ ఆగాక బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే మిగిలి ఉంటుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పనిచేస్తుంది గానీ కాలి బలమంతా పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ లాగండి, హజార్డ్ లైట్లు వేయండి, క్లచ్ తొక్కండి, స్టార్ట్ చేయండి, పైన చెప్పినట్టు తీయండి. మొత్తం ఇరవై సెకన్ల పని. వెనకవాడు హారన్ కొడుతుంటే అది అతని సరదా.

నిజానికి హారన్ భయంతోనే ఎక్కువసార్లు బండి ఆగిపోతుంది. తొందరలో క్లచ్ వదిలేస్తారు. వెనకవాడి హారన్‌తో మీ బండి కదలదు, మీ ఎడమకాలుతోనే కదులుతుంది.

ఏ గేరులో ఎక్కాలి?

ఇన్ని కిలోమీటర్ల వేగానికి ఈ గేరు అని ఎత్తు మీద లెక్క కుదరదు. బండి చెప్పింది వినాలి. యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కితే వేగం పెరిగిందా, ఉన్న గేరు సరిపోయింది. తొక్కినా పెరగకుండా ఇంజన్ మూలుగుతూ, గేరు రాడ్ వణుకుతూ ఉంటే గేరు తగ్గించమని అడుగుతోందన్నమాట. అడిగాక కాదు, అడగబోతుండగానే తగ్గించాలి. ఎత్తు మీద క్లచ్ తొక్కిన క్షణం నుంచీ వేగం పడిపోతుంటుంది. ఆలస్యంగా థర్డ్ నుంచి సెకండ్‌కి మార్చబోతే అది పడేలోపే ఫస్ట్ అవసరమయ్యే వేగానికి వచ్చేస్తారు. అక్కడే చాలామంది కంగారుపడి బండి ఆపేసుకుంటారు.

పై గేరులో నెమ్మదిగా వెళ్తే పెట్రోలు ఆదా అవుతుందని మనవాళ్లలో గట్టి నమ్మకం. బల్లపరుపు మీద నిజమే. ఎత్తు మీద పై గేరులో నిండా తొక్కి మూలిగిస్తే ఇంజన్‌కీ చేటు, ఆదా కూడా ఉండదు. సెకండ్‌లో ముల్లు 2,500, 3,000 దగ్గర ఉంటే ఇంజన్ అరుస్తోందని బాధపడకండి, అది దాని పని అది చేసుకుంటోంది. అరకు ఎక్కే అనంతగిరి ఘాటీ చిన్న కార్లకి ఎక్కువ భాగం సెకండ్, థర్డ్ గేర్ల దారే.

డీజిల్ బండి ఎత్తు బాగా ఎక్కుతుందంటారు, నిజమేనా?

నిజమే, డీజిల్ తక్కువ తిరుగుడులోనే బాగా లాగుతుంది. కానీ ఇప్పటి డీజిళ్లన్నీ టర్బోవి, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంకా ఉన్నవి. ముల్లు సుమారు 1,500 కింద ఉంటే టర్బో ఇంకా నిద్రలోనే ఉంటుంది, బండి చప్పగా ఉంటుంది. ఆ గీత దాటగానే ఒక్కసారిగా తన్నినట్టు లాగుతుంది. మలుపులో అలా తన్నకుండా ముందే గేరు తగ్గించి ముల్లుని పైన ఉంచుకోవాలి.

ఐదుగురం, సామాన్లు, ఏసీ. మా చిన్న కారు అరకు ఎక్కుతుందా?

ఎక్కుతుంది, ఓపికగా ఎక్కిస్తే. ఆల్టో లాంటి కారు బరువే ఏడెనిమిది వందల కిలోలు. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే ఇంకో మూడువందల పైచిలుకు, అంటే దాదాపు సగం కారు అదనం. దానిమీద ఏసీ కంప్రెసర్ ఇంజన్ బలంలో కొంత తినేస్తుంది. చిన్న ఇంజన్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది. నిటారు మలుపుల దగ్గర ఏసీ ఆపి అద్దాలు దించుకోండి. దారిలో టైడా ఊరు దాటాక వచ్చే గాలి ముందు ఏసీ ఎందుకు పనికొస్తుంది చెప్పండి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, దారిలో గాలికొండ అంతకన్నా ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజన్ బలం వెయ్యి మీటర్లకి దాదాపు పదోవంతు తగ్గుతుంది. బండికేదో రోగం వచ్చిందనుకోకండి.

హెయిర్‌పిన్ మలుపుల్లో బండి ఆగిపోతోంది.

మలుపులోకి వెళ్లాక గేరు మారుస్తున్నారు, అందుకే. బ్రేకు, గేరు రెండూ మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులో రెండు చేతులూ స్టీరింగ్ మీద, కాలు యాక్సిలరేటర్ మీద సన్నగా, అంతే.

హెయిర్‌పిన్‌లో లోపలి అంచు బయటి అంచు కన్నా నిటారుగా ఉంటుంది. తక్కువ దూరంలో అంతే ఎత్తు ఎక్కాలి కదా. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి ఎడమకి తిరిగే హెయిర్‌పిన్‌లో ఆ నిటారు భాగం మనకే వస్తుంది. అక్కడ అనుమానంగా ఉంటే ముందే ఫస్ట్ వేసేయండి, నామోషీ ఏమీ లేదు. లోపలి అంచుకి మరీ రాసుకుని కాకుండా, మీ వరసలోనే కాస్త విశాలంగా తిరగండి. గీత దాటి అవతలికి మాత్రం వెళ్లకండి, పైనుంచి బస్సు దిగుతుండొచ్చు. హారన్ కొట్టి, అద్దం దించి, ఎదుటి హారన్ కూడా వినండి.

వర్షంలో ఎడమ హెయిర్‌పిన్ మీద ముందు చక్రం గిర్రున తిరిగిపోవడం మామూలే. ఎత్తు మీద బరువు వెనక్కి పడుతుంది. మన చిన్న కార్లన్నీ దాదాపు ముందు చక్రాలతో లాగేవే, వాటికి పట్టు తగ్గుతుంది. రేస్ తగ్గించండి. పెంచితే ఇంకా తిరుగుతుంది తప్ప కదలదు.

ఇరుకు దారిలో ఎదురుబండి వస్తే ఎవరు ఆగాలి?

దిగేవాడు ఆగాలి. రోడ్డు నియమాల్లోనే ఇది ఉంది: కొండదారిలో రెండు బళ్లు పట్టనిచోట దిగే బండి పక్కకి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎత్తు మీద ఆగిన బండిని తీయడం కష్టం, దిగేవాడికి బ్రేకు వదిలితే చాలు. అయినా అవతలివాడికి ఈ నియమం తెలుసో లేదో మనకి తెలియదు. అతను ఆగకపోతే మీరే ఆగండి. లోయ పక్కన పంతాలు వద్దు.

లారీ వెనక పడ్డాను, ఏం చేయను?

సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఇది రోజూ ఉండేదే. సాలూరు లారీల ఊరు, ఆ దారి లారీల దారి. నిండు లోడుతో ఎక్కే లారీ నడిచే మనిషి వేగంతో వెళ్తుంది. ఒకసారి ఓ క్లీనర్ కుర్రాడిని చూశాను. చేతిలో త్రికోణపు చెక్క దిమ్మ పట్టుకుని లారీ వెనక చక్రం పక్కనే నడుస్తున్నాడు. లారీ కాస్త తడబడగానే దిమ్మ చక్రం వెనక తోశాడు, టైరు దాని మీద కూర్చుంది, చెక్క కిర్రుమంది. డ్రైవరు మళ్లీ గేరు వేసి కదలగానే దిమ్మ తీసుకుని పరిగెత్తాడు. ఆ లారీకి ఆనుకుని ఓ కొత్త కారు ఉంది, దాన్ని నడుపుతున్నాయనకి ఇదేమీ కనిపించట్లేదు.

లారీ వెనక చక్రాలు రోడ్డుని తాకేచోటు మీకు కనిపించేంత దూరం ఉంచండి. అదీ తక్కువే, వాలు మీద ఇంకా రెండు కార్ల జాగా వదలండి. దాటాలంటే ముందు రోడ్డు తేటగా కనిపించాలి, మీరు గేరు తగ్గించి ఉండాలి. థర్డ్‌లో మూలుగుతూ దాటబోయి లారీ పక్కన సగం దాకా వెళ్లి నిలిచిపోయినవాళ్లని చూశాను. లారీ డ్రైవరు చేయి ఊపి రమ్మన్నా, చూసుకునే కళ్లు మీవే.

ఇంజన్ వేడి ముల్లు పైకి పోతోంది.

ఏసీ ఆపండి. తగ్గకపోతే హీటర్ పూర్తిగా పెట్టి అద్దాలు దించండి. ఉక్కపోసినా ఇంజన్‌లోని వేడి కొంత బయటికి వస్తుంది. ముల్లు ఎర్రగీత దాకా వెళ్తే, ఆవిరి కనిపిస్తే పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తిప్పకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. చేత్తో ముట్టుకోగలిగేదాకా ఆగి, గుడ్డ వేసి తీయండి. బయల్దేరే ముందు పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ డబ్బాలో గీత చూసుకుంటే ఇదంతా ఉండదు.

దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుంది కదా?

మిగలదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఇంధనం సరఫరా దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ తనంతట తను తిరగాలి కాబట్టి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఇంజన్ పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. వేడెక్కిన బ్రేకు తొక్కినా పట్టదు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. ఇంజన్ ఆపేసి దొర్లించడం ఇంకా ఘోరం. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుల సంగతి పైన చెప్పాను.

వాలు మీద పార్కింగ్ ఎలా?

హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మకండి. పైకి చూస్తూ ఆపితే ఫస్ట్ గేరు, కిందకి చూస్తూ ఆపితే రివర్స్ వేసి వదలండి. ఒకవేళ జారినా కారు కొండ గోడకి తగిలి ఆగేలా చక్రాలు తిప్పి ఉంచండి, లోయ వైపు కాదు. వెనక చక్రానికి రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయండి. ఘాటీల్లో రోడ్డు మధ్య కనిపించే రాళ్లలో చాలావరకు మనలాంటివాళ్లు వదిలేసి పోయినవే. చీకట్లో వచ్చే బైకువాడికి అవి కనిపించవు.

లైసెన్సు టెస్టులో ఇది అడుగుతారా?

నియమాల్లో ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం చూడండి. నిటారు ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ తీయడం, దిగేటప్పుడు తక్కువ గేరుకి త్వరగా మార్చడం, రెండూ అందులో రాసి ఉన్నాయి. టెస్టులో అడిగినా అడగకపోయినా రోడ్డు అడుగుతుంది.

ఎక్కడ ప్రాక్టీసు చేయాలి?

మొదట ఇంటి ముందు ర్యాంపు. తర్వాత ఊరి బయట చెరువు గట్టుకి ఎక్కే దారి లాంటి ఖాళీ వాలు, పక్కన తెలిసినవాళ్లు ఉండగా. ఆ తర్వాత పొద్దున ఆరింటికి, ట్రాఫిక్ లేనప్పుడు, ఊళ్లో వంతెన వాలు. ఇవి కుదిరాక పుణ్యగిరి దారి, పండగ కాని రోజున. అరకు ఆఖరున. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో మొదటిసారి వెళ్లకండి. పొద్దున మంచు, తర్వాత కార్ల వరస. నేర్చుకునేవాడికి రెండూ ఒకేసారి వద్దు.

హిల్ హోల్డ్ ఉన్న కారు, లేకపోతే ఆటోమేటిక్ కొనుక్కుంటే ఈ గొడవంతా వదిలిపోతుంది కదా?

కొంత వదులుతుంది. హిల్ హోల్డ్ ఉంటే బ్రేకు మీంచి కాలు తీశాక రెండు సెకన్ల వరకు కారే బ్రేకు పట్టుకుని ఉంటుంది. ఆ రెండు సెకన్లు అయిపోయాక వదిలేస్తుంది, మీరు సిద్ధంగా ఉన్నారా అని అడగదు. ఫోను చూస్తూ ఉన్నారనుకోండి, మళ్లీ కథ మొదటికే.

ఇక మన దగ్గర చవకగా దొరికే ఏఎంటీ ఆటోమేటిక్‌లలో లోపల ఉండేది మామూలు క్లచ్చే, దాన్ని తొక్కేది మీ కాలు కాకుండా చిన్న మోటారు. ఎత్తు మీద బ్రేకు వదిలితే హిల్ హోల్డ్ లేనివి వెనక్కి జారతాయి. యాక్సిలరేటర్ మీద నిలబెడితే వాటి ప్లేటు కూడా మాడుతుంది, పుణ్యగిరిలో నాది మాడినట్టే. కాబట్టి ఆ కారు కొన్నా హ్యాండ్ బ్రేక్‌తో తీయడం రావాలి. రెండో వారం పాఠం అదే, ముందు సీటు సరిచేసుకుని రండి.